వస్తాను సార్

ప్రొద్దుటూరు,
జూలై 13, ఆదివారం.

ప్రియమైన సాహితికి,

అమ్మ ఆశీస్సులు. నువ్వు క్షేమంగా చేరావని మీ వార్డెన్ ఫోన్ చేసి చెప్పింది. దసరా సెలవుల దాకా హాస్టల్లో ఫోను ఉండదన్నప్పుడు నాకు గుండె జారిపోయింది. ఉత్తరాలు రాసుకుందాం అన్నావు కదా, ఇదిగో రాస్తున్నా. పెళ్ళయ్యాక నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. అంగట్లో బిల్లులు రాసి రాసి అక్షరాలు గొలుసు గొలుసుగా పడుతున్నాయి, సర్దుకొని చదువుకో.

నువ్వు బయలుదేరిన రోజు జేజి మీద విసుక్కున్నావు. ఆటో హారన్ కొడుతూనే ఉంది, నువ్వేమో "జేజీ, పోతాండా" అనేసి గడప దాటావు. వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, "పోతా అనగూడదు మే. పోయొస్తా అను" అని అనిపించింది కదా. మనవరాలివి, ఆ రోజు ఆమెకు నీ పేరే గుర్తులేదు తెలుసా. నువ్వెళ్ళాక నన్నడిగింది, ఆ పిల్ల ఎవరి పిల్ల అని. మనుషులను మరిచిపోతోంది గానీ ఆ మాట మాత్రం మరవలేదు.

ఉగాదికి మన చీరల అంగడి ఖాళీ చేశామని ఆమెకు రోజూ చెబుతున్నా. రోజూ కొత్తగా వింటుంది. పది గంటలకు చేతిసంచి పట్టుకొని "అంగట్లో ఎవురూ లేరు, నేను బోతా" అని బయటపడుతుంది. మన అంగట్లో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్న ఇమ్తియాజ్ మంచివాడు. కుర్చీ వేసి, టీ తెప్పించి, నాకు ఫోన్ చేస్తాడు. "అక్కా, జేజి ఈడ నా కాడుంది, నిదానంగా రా" అంటాడు. ఎప్పుడో ఒకరోజు దారి తప్పుతుందని ఆమె సంచికి లోపల చిన్న జేబు కుట్టి, అందులో ఆధార్ కార్డు, నా నంబరు రాసిన చీటీ పెట్టాను.

అసలు సంగతికి వస్తా. మీ నాన్న పనిచేసే బట్టల షోరూంలో ఆడవాళ్ళ సెక్షనుకు మనిషి కావాలంట. మొన్న అన్నం తింటూ అన్నాడు. "ఇద్దరం పోదాం గాయత్రీ. అమ్మను లోపలుంచి బయట తాళమేసుకుందాం. మధ్యాన్నం ఎవురో ఒకరం వచ్చి చూసుకుంటే సరి." అంటూ నా మొహం చూడలేదు, కంచం చూస్తూ అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదమ్మా. నిన్నటిదాకా అంగడి యజమాని, ఇప్పుడు ఇంకొకరి అంగట్లో చీరలు మడతపెడుతున్నాడు. ఆ ఒక్క జీతంతో ఇల్లు నడిస్తే నీ చదువు నడవదు, నీ చదువు నడిస్తే ఇల్లు నడవదు.

తాళం అన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. లోపల నుంచి తలుపు లాగుతూ, ఎవరు వేశారో, ఎందుకు వేశారో తెలియక ఆమె నిలబడి ఉన్నట్టే కళ్ళముందు కనిపిస్తోంది. వినాయక చవితి లోపల ఏ సంగతో చెప్పమన్నాడంట షోరూం ఓనరు. అంటే ఆగస్టు ఇరవై ఏడు. ఆ లోపల నాకు ఇంట్లో కూర్చొని చేసే పని దొరకాలి.

ఫోన్లో వెతుకుతున్నా. ఒకడు ముందు డబ్బు కట్టమన్నాడు. ఇంకొకడు వీడియోలకు లైకులు కొట్టమన్నాడు. ఇంకొక ఆమె తియ్యగా మాట్లాడి నా బ్యాంకు వివరాలు అడిగింది, ఫోన్ పెట్టేసి ఆ నంబరు తీసేశాను. ఏది నిజమో ఏది దొంగో నాకు తెలియడం లేదు. నువ్వు చదువుకున్న పిల్లవి, ఏదైనా దారి చెప్పు.

ఉంటాను,
అమ్మ.


పులివెందుల,
జూలై 19, శనివారం.

ప్రియమైన అమ్మకు,

ఇక్కడ ఉత్తరాలు శనివారం మాత్రమే తీసుకుంటారు. ఆఫీసు కిటికీ దగ్గర ఒక అట్టపెట్టె పెడతారు, అందులో వేయాలి. కాబట్టి నా జవాబు ఆలస్యమైతే కంగారు పడి వార్డెన్‌కు ఫోన్ చేయకు. నువ్వు చేస్తావు, నాకు తెలుసు.

ముందు దొంగల సంగతి. నీ దగ్గర డబ్బు అడిగినవాడు ఎవడూ ఉద్యోగం ఇవ్వడు. ఒక్క ఈ మాట ఒక కాగితం మీద రాసి దేవుడి గూటి పక్కన అంటించుకో.

ఇక నీకు ఏమేమి వచ్చో రాయమంటే "ఏమీ రాదు" అని రాస్తావు. అందుకని నేనే రాస్తున్నా. నీకు తెలుగు టైపింగ్ వచ్చు, చూడకుండా కొడతావు. అంగడి ప్రకటనలన్నీ వాట్సాప్‌లో పెట్టింది నువ్వే. అంతకంటే పెద్దది ఒకటుంది. మనిషి నోరు తెరిస్తే వాళ్ళది మైలవరమా, ముద్దనూరా, వేంపల్లా అని చెప్పేస్తావు. వాళ్ళు చీర రంగును ఏ పేరుతో అడిగినా నీకు అర్థమవుతుంది. అది అందరికీ రాదమ్మా. నా రూములో ఒక బందరు పిల్ల ఉంది. నేను "యాడ పెడితివి మే" అంటే ఆ పిల్ల నోరు తెరుచుకొని చూస్తుంది. మూడు రోజులకు గాని నాతో మాట కలపలేదు, నేను తిడుతున్నాననుకుందంట.

కాబట్టి తెలుగు వినడం, తెలుగు రాయడం ఉన్న పనులు వెతుకు.

ఇంకొక మాట. ఇంటికి తాళం తెస్తే నేను కాలేజీ మానేసి వచ్చి జేజి దగ్గర కూర్చుంటా. బెదిరింపు కాదు. నా నోట్లో అన్నం కూడా ఆమె పెట్టిందే, నువ్వు పొద్దంతా అంగట్లో ఉండేదానివి.

ఉంటాను,
నీ సాహితి.


ప్రొద్దుటూరు,
జూలై 27, ఆదివారం.

ప్రియమైన సాహితికి,

దొరికినట్టే ఉంది, దొరకనట్టే ఉంది. గట్టిగా చెప్పడానికి భయంగా ఉంది.

నోయిడాలో ఒక కంపెనీ. ఫ్రిజ్జులు, వాషింగ్ మిషన్లు చెడిపోతే జనం ఫోన్ చేస్తారు కదా, ఆ ఫోన్లన్నీ వీళ్ళకు వస్తాయి. కంప్యూటరు ఆ మాటలు విని తెలుగులో రాస్తుంది, తర్వాత ఇంగ్లీషులోకి మార్చి అక్కడి సార్లకు చూపిస్తుంది. మన వైపు మాటల దగ్గర దానికి నోరు తిరగడం లేదంట. విని సరిచేసే మనిషి కావాలి, ఇంట్లో కూర్చొనే చేయొచ్చు. డబ్బు అడగలేదు. ముందు పరీక్ష పెట్టారు, ఇరవై ఫోన్లు విని రాయమన్నారు.

రాశాను. అందులో నాలుగు ఫోన్లు ఒకే ఆమెవి, నువ్వున్న పులివెందుల ఆమే. ఒక్కో వారం ఒక్కోటి. ఫ్రిజ్జులోంచి నీళ్ళు కారుతున్నాయని మొదటిసారి నెమ్మదిగా చెప్పింది. నాలుగోసారికి ఏడుపు గొంతు. "ఎవురూ రాలేదు సార్. పాలన్నీ ఇరిగిపోతాండాయి. మీరు పంపిస్తామంటిరి. సరే సార్, వస్తా" అని పెట్టేసింది. అన్నిసార్లు చెప్పినా మెకానిక్ ఎందుకు పోలేదో నాకు అర్థం కాలేదు. నాకు సంబంధం లేని విషయం గానీ మనసు అక్కడే ఉండిపోయింది.

పరీక్ష పాసయ్యానని మెయిల్ వచ్చింది. ఆగస్టు ఏడు, బేస్తవారం ఇంటర్వ్యూ. వీడియోలో. ఇంగ్లీషులో. డిగ్రీలో చదివిన ఇంగ్లీషు అంగడి గల్లాపెట్టెలోనే పోయింది. నాలుగు వాక్యాలు రాసి పంపు, బట్టీ పడతా. మీ నాన్నకు ఇంకా చెప్పలేదు. రాకపోతే చిన్నబోతాను.

ఉంటాను,
అమ్మ.


పులివెందుల,
ఆగస్టు 2, శనివారం.

ప్రియమైన అమ్మకు,

పెట్టె మూసేలోపల రాయాలి, అందుకని చిన్నగా. వెనుక పేజీలో పది వాక్యాలు రాశాను, ఇంగ్లీషు వాక్యం కింద తెలుగు అర్థం. నీ పేరు, చదువు, అంగట్లో పన్నెండేళ్ళు పనిచేశావని, ఇంట్లో పెద్దావిడ ఉంది కాబట్టి ఇంటి నుంచే చేస్తానని. ఆ చివరిది తప్పకుండా చెప్పు.

అర్థం కాకపోతే తల ఊపకు. మంచి చీర కట్టుకో, పచ్చది వద్దు, ఫోన్లో మెరుస్తుంది. అయిపోయాక ఠక్కున కట్ చేయకుండా మర్యాదగా సెలవు తీసుకో.

నువ్వు బాగా చేస్తావు. నేను బేస్తవారం పొద్దున ఫిజిక్స్ క్లాసులో కూర్చొని నీ కోసం దేవుణ్ణి మొక్కుకుంటుంటా.

ఉంటాను,
సాహితి.


ప్రొద్దుటూరు,
ఆగస్టు 8, శుక్రవారం.

ప్రియమైన సాహితికి,

అయిపోయింది. ఎట్లా అయిందో చెప్తా విను.

పదికి ఇంటర్వ్యూ అంటే తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది. వైఫై లేదు, ఫోన్లో సిగ్నల్ ఒక గీత. జేజిని చేయి పట్టుకొని పరిగెత్తినట్టే ఇమ్తియాజ్ దగ్గరికి పోయాను. "రా అక్కా, ఇన్వర్టరుండాది, లోపల కూర్చో" అని తన లాప్‌టాప్ కూడా ఇచ్చాడు. అంటే చూడు, మన అంగట్లోనే, మన చీరల బీరువా ఉన్న మూలనే కూర్చొని ఉద్యోగం అడుక్కున్నా. జేజి మాత్రం ఎంత సంతోషపడిందో. తన పాత చోట కూర్చొని, వచ్చేవాళ్ళందరినీ "రాండి, ఏం చూపియ్యమంటారు" అని అడుగుతోంది. ఛార్జరు కోసం వచ్చినాయన బిత్తరపోయాడు.

సారుది హిందీ. నిదానంగా మాట్లాడాడు. నీ పది వాక్యాల్లో ఎనిమిది చెప్పాను. ఇంట్లో పెద్దావిడ అన్న వాక్యం కూడా చెప్పాను, మధ్యలో తడబడ్డాను గానీ చెప్పాను. రెండుసార్లు లాప్‌టాప్‌లో ఆయన నోరు కదిలింది, మాట నా దాకా రాలేదు. సారీ సార్ అన్నా. పర్వాలేదని తర్వాత ప్రశ్నకు పోయాడు. ఏమడిగాడో ఏమో.

ఆఖరున నువ్వు చెప్పినట్టు మర్యాదగా సెలవు తీసుకుందామంటే, దానికి ఇంగ్లీషు నువ్వు రాయలేదే. బై అంటే చిన్నపిల్లలు చేయి ఊపినట్టుంటుంది. పోతాననే మాట జేజి పక్కన ఉండగా నోట్లోంచి రాదు. అందుకని చేతులు జోడించి "ఐ విల్ కమ్ సార్" అన్నా. ఆయన మొహం ఎంత విప్పారిందో. "వెరీ గుడ్, వెరీ గుడ్" అని రెండుసార్లు అన్నాడు. నా ఇంగ్లీషు నేననుకున్నంత పాడైపోలేదన్నమాట.

ఈ పొద్దున మెయిల్ వచ్చింది. తీసుకున్నారంట. పద్దెనిమిది నుంచి ఇంట్లోనే రెండు రోజుల శిక్షణ, తర్వాత ఆర్డరు పంపుతారంట. మీ నాన్నకు చెప్పాను. రెండోసారి పెరుగు వడ్డించుకున్నాడు. ఆయన సంతోషం నీకు తెలుసు కదా.

కానీ నాకు ఇంకా నిద్ర పట్టడం లేదు. ఇంత మంచిగా ఎప్పుడైనా జరిగిందా మనకు.

ఉంటాను,
అమ్మ.


పులివెందుల,
ఆగస్టు 16, శనివారం.

ప్రియమైన అమ్మకు,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత మళ్ళీ మొదటి నుంచి చదివాను.

అమ్మా, ఇంగ్లీషులో "ఐ విల్ కమ్" అంటే నిజంగా వస్తానని. సెలవు తీసుకోవడం కాదు. వస్తాను, బయలుదేరి వస్తాను, మీ దగ్గరికి వస్తాను అని. హిందీవాళ్ళు లేచేటప్పుడు మనలాగా అనరు, నేను ఇక్కడి హిందీ మేడంను అడిగాను. ఆయన నోరు కదిలి మాట రాలేదన్నావే, అప్పుడు ఏమడిగి ఉంటాడు? మా ఆఫీసుకు రాగలవా అని అడిగి ఉంటే? నువ్వు చివర్లో దండం పెట్టి వస్తానంటే ఆయన ఎందుకు సంతోషపడడు?

తప్పు నాదే. పది వాక్యాలు రాసి పదకొండోది రాయలేదు. వెంటనే ఆయనకు మెయిల్ పెట్టు, నేను ఇంటి నుంచే చేస్తాను, రాలేను అని. ఆర్డరు రాకముందే పెట్టు. ఈ ఉత్తరం నీకు మంగళవారానికల్లా అందాలి. పెట్టెలో వేసేటప్పుడు రెండుసార్లు కళ్ళకద్దుకున్నా.

ఉంటాను,
సాహితి.


ప్రొద్దుటూరు,
ఆగస్టు 20, బుధవారం.

ప్రియమైన సాహితికి,

ఈ వారం నీ ఉత్తరం రాలేదు. పరీక్షలేమో అనుకుంటున్నా. ఈ ఉత్తరం చదివి నువ్వు ఏడవకూడదు. అంతా బాగానే ఉన్నారు, అది ముందు చెప్తున్నా.

సోమవారం శిక్షణ మొదలైంది. ఇమ్తియాజ్ వాళ్ళ చెల్లెలి పెళ్ళికని అంగడి మూసి కడపకు పోతూ తన లాప్‌టాప్ నాకు ఇచ్చిపోయాడు. రెండు చెవులకూ ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కూర్చున్నా. జేజి వచ్చి భుజం తట్టి ఏదో అంది. "పోయొస్తా మే" అంది. పెరట్లోకేమో అనుకొని "ఊ" అన్నా. సాహితీ, ఆమె చెప్పకుండా పోలేదు. చెప్పే పోయింది. నేను ఊ అన్నా.

పదకొండున్నరకు ఇయర్‌ఫోన్లు తీసేసరికి ఇల్లు ఖాళీ. అంగడికి పరిగెత్తాను. షట్టరు వేసి ఉంది. ఆమె వచ్చి, మూసి ఉన్న అంగడి చూసి, ఏమనుకుందో ఏమో. మీ నాన్న షోరూంలో చెప్పకుండా వచ్చేశాడు. ఆస్పత్రి, గుడి, మార్కెట్టు, కాలువ గట్టు. కాలువ గట్టు దగ్గర మీ నాన్న నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నం మూడుకు ఫోన్ వచ్చింది. జమ్మలమడుగు బస్టాండులో పూలమ్మే వెంకటమ్మ అంట. "అమ్మా, ఈడ ఒక పెద్దామె ఉండాది. సంచిలో చీటీ ఉంటే చేసినా. వాళ్ళమ్మోళ్ళ ఇల్లు యాడ అని అడుగుతాంది, వీధి పేరు చెప్పలేకపోతాంది" అంది. జమ్మలమడుగు జేజి పుట్టిన ఊరు కదా. ఈ పదిహేను నుంచి బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు డబ్బుల్లేవు, ఆధార్ చూపిస్తే చాలు. దారి తప్పితే ఇంటికి చేర్చడానికని నేను సంచిలో పెట్టిన కార్డే ఆమెను బస్సెక్కించింది.

పోయేసరికి వెంకటమ్మ పక్కన గోనెపట్టా మీద కూర్చొని పూలు కడుతోంది. నన్ను చూసి "అంగడి మూసేసినారు మే, నాకెవురూ చెప్పలేదు" అంది. చిన్నపిల్లలా మూతి ముడుచుకొని అంది.

ఆ సాయంత్రమే మీ నాన్న తాళం తెచ్చాడు. ఇత్తడిది, నా అరచేతంత ఉంది. దేవుడి గూట్లో పెట్టాడు. ఎక్కడ పెట్టాలో తెలియక అక్కడ పెట్టినట్టున్నాడు. "నువ్వు ఇంట్లో ఉండీ కనిపెట్టలేకపోయినావు గదా" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

ఇంకా ఉంది. నిన్న ఆర్డరు వచ్చింది. సెప్టెంబరు ఒకటిన హైదరాబాదు ఆఫీసులో చేరాలంట. "మీరు ఇంటర్వ్యూలో ఒప్పుకున్న ప్రకారం" అని రాశారు. నేనెప్పుడు ఒప్పుకున్నా? ఇంట్లో పెద్దావిడ ఉందని నోరు తెరిచి చెప్పానే. మనల్ని ఆశపెట్టి మోసం చేశారు. మీ నాన్న చదివి కాగితం మడిచి ఇచ్చేశాడు.

రేపు వాళ్ళకు రాలేనని చెప్పేస్తా. చవితికి ముందు షోరూంలో చేరతానని మీ నాన్నతో అన్నాను. ఆ తాళం వైపు చూడకుండా దీపం పెట్టడం అలవాటు చేసుకోవాలి.

నువ్వు బాగా చదువుకో. అన్నం మానకు.

ఉంటాను,
అమ్మ.


పులివెందుల,
ఆగస్టు 23, శనివారం.

అమ్మా,

ప్రియమైన అని రాయడానికి కూడా చేయి రావడం లేదు. నా పదహారో తేదీ ఉత్తరం నీకు అందలేదా? అందులో అన్నీ రాశాను. వాళ్ళు మోసం చేయలేదు, నువ్వే "ఐ విల్ కమ్" అన్నావు. ఇంగ్లీషులో అది నిజంగా రావడం. వాళ్ళకు ఆ మాట విడమరిచి రాయి. రాలేను అని ఊరికే రాసి వదిలేయకు.

ఈ ఉత్తరం కూడా ఆలస్యమైతే ఏం చేయాలో నాకు తెలియదు. అందుకని ఆఫీసులో టీసీ ఫారం తీసుకున్నా. నింపాను. తండ్రి సంతకం దగ్గర ఖాళీ ఉంది. సోమవారం నాన్నను పిలిపిస్తామన్నారు. నేను వచ్చి జేజి దగ్గర కూర్చుంటే ఆ తాళం అవసరం లేదు, నువ్వు షోరూంకు పోవచ్చు.

నేను వస్తాను. ఇది జేజి నేర్పిన వస్తాను కాదు, నిజం వస్తాను.

సాహితి.


ప్రొద్దుటూరు,
సెప్టెంబరు 15, సోమవారం.

ప్రియమైన సాహితికి,

మీ నాన్న ఆ సోమవారం నీ దగ్గరికి వచ్చి నీ ఫారం నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకొని వచ్చాడు. "కుదిరింది, చదువుకో" అని రెండు మాటలు చెప్పి వచ్చేశానన్నాడు. ఆయనకు రెండు మాటలంటే ఎక్కువే. మిగతాది నేను రాస్తా. ముందే రాయాల్సింది, ఈ మూడు వారాలు నాకు ఊపిరి సలపలేదు.

నీ పదహారో తేదీ ఉత్తరం ఎక్కడికి పోయిందో తెలుసా? అంగడికి. పదేళ్ళు బడి పుస్తకాల మీద రాసిన అడ్రసే ఈసారి కంగారులో అలవాటుగా కవరు మీద రాసేశావు. మూసిన షట్టరు కిందనుంచి పోస్టుమన్ లోపలికి తోసేశాడు. ఇరవై ఒకటిన ఇమ్తియాజ్ కడప నుంచి వచ్చి షట్టరు ఎత్తితే కాళ్ళకు తగిలింది. నేరుగా ఇంటికి తెచ్చాడు. నేను అప్పటికి "రాలేను" అని ఇంగ్లీషులో ఒక ముక్క రాసి, పంపే గుర్తు మీద వేలు పెట్టి కూర్చొని ఉన్నా. లేని అంగడికి జేజి ఒక్కతే పోతుందనుకున్నా, ఆమె మనవరాలూ అంతే.

నీ ఉత్తరం చదివి ఆ ముక్క చెరిపేశాను. ఇంగ్లీషుతోనే కదా ఇంత వచ్చింది అని తెలుగులో రాశాను. చూడు:

"అయ్యా, నమస్కారం. మా వైపు ఎవరైనా ఒకచోటి నుంచి లేచేటప్పుడు పోతాను అనరు. తిరిగి రానివాళ్ళే పోయేవాళ్ళని మా పెద్దల భయం. అందుకని వస్తాను అంటాం. ఆ రోజు నేను వస్తాను అన్నది రావడానికి కాదు, పోవడానికి. మిమ్మల్ని మోసం చేయాలని కాదు, మర్యాదకు అన్నాను. మా అత్తగారిని విడిచి నేను హైదరాబాదు రాలేను. నా పని నచ్చితే ఇంటి నుంచే ఇప్పించండి. వస్తాను. (ఇది కూడా సెలవు తీసుకోవడమే.)"

ఆ చివరి మాట కావాలని రాయలేదు, చేయి రాసేసింది. చెరపకుండా పక్కన అర్థం రాశాను.

ఆ సారు దాన్ని హైదరాబాదులో ఉండే తెలుగు మేడంకు పంపాడు. మరునాడు ఆమె ఫోన్ చేసింది. ముందు నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసి, "గాయత్రి గారూ, మీరు పరీక్షలో విన్న పులివెందులావిడ కాల్ చివర్లో ఏమంది?" అని అడిగింది. వస్తా అంది మేడం అన్నా. తర్వాత ఆమే విడమరిచి చెప్పింది.

సంగతేందంటే, ఆమె "సరే సార్, వస్తా" అన్న ప్రతిసారీ కంప్యూటరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, కస్టమరే సర్వీసు సెంటరుకు వస్తానన్నారు అని రాసుకుందంట. వాళ్ళే వస్తామన్నాక మెకానిక్‌ను ఎవరు పంపుతారు? ఇంగ్లీషు చదివే సార్లకు తెలియదు, హైదరాబాదు మేడం ఎప్పుడూ ఆ కాల్స్ విన్నది లేదు, పైపైన లెక్కలు చూసింది. మన జిల్లా జనం వస్తామంటారు, ఒక్కరూ రారు, వీళ్ళ మాటకు నిలకడ లేదని ఆఫీసులో అనుకునేవాళ్ళంట. ఇక్కడ మనవాళ్ళేమో ఫ్రిజ్జు తలుపు తెరుచుకొని మెకానిక్ కోసం ఎదురుచూస్తున్నారు.

"ఇట్లాంటి మాటలు ఇంకెన్నున్నాయి?" అని అడిగింది మేడం. ఉంటాను అన్నది ఒకటి ఉంది మేడం, ఫోన్ పెట్టేసేటప్పుడు అంటాం, ఉండటానికి కాదు అన్నా. ఆమె రాసుకుంది.

ఆర్డరు మార్చి పంపారు. ఇంటి నుంచే. చవితికి నాలుగు రోజుల ముందు వచ్చింది. మీ నాన్న దాన్ని మూడుసార్లు చదివాడు, చివరికి "పులివెందులామె ఫ్రిజ్జు బాగయిందా?" అని అడిగాడు. అయింది. నేను సరిచేసిన మొదటి ఫోను అదే.

అప్పటికీ నా భయం పోలేదు. పని దొరికింది సరే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే జేజిని ఎవరు చూడాలి? తాళం ఇంకా దేవుడి గూట్లోనే ఉంది. మొదటి రెండు రోజులు ఒక చెవికే పెట్టుకొని, కాలితో ఆమె చీర కొంగు తొక్కిపట్టి కూర్చున్నా. నవ్వకు. మూడోరోజు ఉప్పు అయిపోయింది. చెప్పులేసుకొని అలవాటుగా "అత్తమ్మా, అంగడికి పోయొస్తా" అన్నా. ఉప్పు కొట్టుకు అని నా అర్థం.

ఆమె సంచి పక్కన పెట్టేసింది. "పోయిరా మే. ఇంటికాడ నేనుంటా. ఇద్దరం పోతే ఇల్లు ఎవురు జూస్తారు" అంది. వాకిట్లో పీట వేసుకొని కూర్చుంది. నేను ఉప్పు తెచ్చినా లేవలేదు, గంట దాటినా కదల్లేదు.

అప్పుడు అర్థమైంది నాకు. అంగట్లో ఎవరూ లేరనే కదా ఆమె రోజూ పోయేది. మీ నాన్న చెప్పకుండానే పోతాడు, నేనేమో ఇంట్లోనే కనిపిస్తుంటే, అంగడి ఎవరు చూస్తున్నారని ఆమెకు దిగులు. మూసేశామని నేను వందసార్లు చెప్పి ఆ దిగులును వంద చేశాను. ఒక మనిషి పోయొస్తానని చెప్పి గడప దాటితే చాలు, అంగడి తెరిచినట్టే. ఇక ఇంటి కాపలా తనది.

ఇప్పుడు రోజూ అదే చేస్తున్నా. తొమ్మిదికి బొట్టు సర్దుకొని, టిఫిన్ డబ్బా పట్టుకొని, పోయొస్తా అత్తమ్మా అని వాకిలి దాటుతా. సందులోంచి తిరిగి పెరటి తలుపులోంచి వంటింటి పక్క గదిలోకి వచ్చి కూర్చుంటా. కిటికీలోంచి ఆమె వీపు కనిపిస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం అన్నానికి వచ్చినట్టు వస్తా. ఆరుకు ముందు వాకిలి నుంచి వస్తే "బేరం ఎట్లుంది?" అంటుంది. ఈ రోజు నలభై దాకా అయినాయి అంటా. ఫోన్లు నలభై, ఆమెకు చీరలు నలభై. అబద్ధం చెబుతున్నానని మొదట్లో కష్టంగా ఉండేది. కానీ నేను పనికి పోయి వస్తున్నది నిజమే కదా.

ఎప్పుడూ ఇట్లే ఉంటుందని అనుకోవడం లేదు. ఏదో ఒకరోజు ఈ మాట కూడా మరిచిపోతుంది. ఆ రోజు ఏం చేయాలో నాకు తెలియదు.

తాళం ఇమ్తియాజ్‌కు ఇచ్చేశాను, షట్టరుకు మంచిది కావాలన్నాడు. మీ నాన్నే పోయి ఇచ్చి వచ్చాడు.

దసరాకు నువ్వు వచ్చినప్పుడు జేజి నిన్ను గుర్తుపట్టకపోవచ్చు. బాధపడకు. వెళ్ళేటప్పుడు మాత్రం ఆ మాట సరిగ్గా చెప్పు.

తొమ్మిది కావస్తోంది. జేజి పీట వేసుకొని నా వైపే చూస్తోంది, ఇంకా బయలుదేరలేదేమని.

పోయొస్తా,
అమ్మ.